పైకప్పు దాకా పోని గోడ

మా లైన్లలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉంటుంది గానీ, అది పైకప్పు దాకా పోదు. మనిషి నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తులో ఆగిపోతుంది. ఆ పైన పన్నెండిళ్ళకూ కలిపి ఒకటే ఖాళీ, ఒకటే గాలి. గోడలకు చెవులుంటాయని లోకమంతా అంటుంది. మా గోడలకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

లైన్లు అంటే జమ్మలమడుగులో పాత మిషన్ ఆసుపత్రి వెనక, ఆయాలూ వార్డుబాయిలూ కాంపౌండర్లూ ఉండడానికి దొరల కాలంలో కట్టిన ఇళ్ళు. బయటి గోడలు రాతివి, సున్నంతో కట్టినవి. ఎంత మందమంటే కిటికీలో ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. కింద నల్లటి నాపబండలు. పైన మంగుళూరు పెంకులు, వాటి కింద టేకు దూలాలు. ముందువైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే వసారా, రాతి స్తంభాల మీద. పన్నెండు గడపలూ ఆ వసారాలోకే తెరుచుకుంటాయి. వెనకవైపు మాత్రం ఎవరి పెరడు వాళ్ళది, ఎవరి వంటిల్లు వాళ్ళది. మాది చివరి ఇల్లు. అందుకని మాకు ఒక పక్క రాతిగోడ, ఒక పక్కే మనుషులు.

లోపలి గోడల్ని అలా సగంలో ఎందుకు ఆపారో ఎవరికీ సరిగా తెలియదు. కట్టించిన దొరకు క్షయరోగమంటే హడలనీ, గాలి ఒక చివర దూరి ఇంకో చివర బయటికి పోవాలని పట్టుబట్టి అలా కట్టించాడనీ లైన్లలో పెద్దవాళ్ళు చెబుతారు. ఇటుకలు చాలక ఆపేశారని మా ఆయన అంటాడు. ఏదైతేనేం, మే నెలలో పెన్న ఇసుక మీద కాలు పెట్టలేని రోజుల్లో కూడా మా ఇంట్లో నడుం వాల్చగానే నిద్ర పడుతుంది. ఆ సుఖం కాదనడానికి లేదు. పిల్లులకు కూడా అది మంచి ఏర్పాటే. మొదటింట్లో పాలు తాగి, గోడల మీదుగా నడుచుకుంటూ వచ్చి మా ఇంట్లో చేపముక్క ఎత్తుకుపోతాయి. గోడ పైభాగం వెడల్పుగా ఉంటుంది కాబట్టి రెండిళ్ళవాళ్ళూ దాన్ని అటకలాగా వాడుకుంటారు. ఊరగాయ జాడీలు, పాత ట్రంకుపెట్టెలు, క్రిస్మస్ నక్షత్రాలు అన్నీ ఆ గోడల మీదే.

నేను పులివెందుల పిల్లను. మా పుట్టింట్లో గోడలు పైకప్పును ముట్టుకుంటాయి. నాన్నకు కోపమొస్తే అరిచేవాడు, అమ్మకు వస్తే అంతకంటే గట్టిగా అరిచేది, నేను ఇద్దరినీ మించి అరిచేదాన్ని. తలుపు వేసుకుంటే అంతా మాలోనే ఉండేది. ప్రొద్దుటూరులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు మా ఆయనతో పరిచయమైంది. ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. మాట నెమ్మది. అంత నెమ్మదిగా ఎందుకు మాట్లాడతాడో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు గానీ నాకు అర్థం కాలేదు.

ఆ రోజు పెట్టె దించి, ఇల్లంతా ఒకసారి చూసి, "ఇదేందత్తా, గోడ మధ్యలో ఆపేసినారు?" అని అడిగాను. మా అత్త జవాబు చెప్పేలోపలే అవతలెక్కడో, నాలుగిళ్ళ ఆవల, ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నోరు మూసుకున్నాను. నా మొహం చూసి మా అత్త దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పింది.

"ఈడ ఒక పద్ధతి ఉండాది. గోడ మీంద వచ్చిన మాట వినపడినా విననట్లే. దానికి జవాబు చెప్పగూడదు. పొద్దన కొళాయి కాడ అడగగూడదు. నగగూడదు."

"ఇప్పుడు నగినారు గదత్తా."

"వాళ్ళు వేరే దానికి నగింటారులే."

మా అత్త అదే ఆసుపత్రిలో ఆయాగా చేరి, ఆయాగానే రిటైరైంది. మామ నేను రాకముందే చనిపోయారు. ఇంట్లో మేము ముగ్గురమే. అత్త మంచి మనిషి, పని దగ్గర గట్టి మనిషి. ఆమె చెప్పిన పద్ధతి కూడా, ఆలోచిస్తే, మంచిదే. లేకపోతే అన్ని కుటుంబాలు ఒకే కప్పు కింద తలలు పగలగొట్టుకోకుండా ఇన్నేళ్ళు బతకలేవు. ఫలానా ఇంట్లో మొగుడు తాగొచ్చాడని అందరికీ తెలుసు, తెలిసినట్టు ఎవరికీ తెలియదు. చదువు రాని పిల్లవాణ్ణి తండ్రి కొడితే, మర్నాడు లైన్లలో ప్రతివాళ్ళూ వాడికేదో ఒకటి తినడానికి పెడతారు. ఎందుకు పెట్టారో ఒక్కరూ చెప్పరు.

అయితే ఆ పద్ధతికి ఒక దొడ్డిదారి ఉంది. అది ప్రార్థన.

సాయంత్రం ఆసుపత్రి గంట కొట్టాక, ప్రతి ఇంట్లోనూ కుటుంబ ప్రార్థన జరుగుతుంది. ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, గొంతెత్తి చేస్తారు. దేవుడు చెవిటివాడు కాదు గదా, ఇంత గట్టిగా ఎందుకని నేను మొదట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది. దేవుడికి చెప్పినట్టూ ఉండాలి, ఫలానా ఇంటికి చేరినట్టూ ఉండాలి. "తండ్రీ, మా రుబ్బురోలు పొత్రం తీసుకపోయినోళ్ళకు మతిమరుపు పోగొట్టు" అని ఒక ఇంట్లో వేడుకుంటే, తెల్లారేసరికి పొత్రం ఆ ఇంటి గడప ముందు ఉంటుంది. "నా బిడ్డకు సంబంధం కుదరల్ల ప్రభువా, పిల్లోడు తాగనోడై ఉండల్ల" అంటే, వారం తిరక్కుండా ఎవరో ఒక సంబంధం చెబుతారు. ప్రార్థనలో విన్నదానికి నోటితో జవాబు ఇవ్వరు, చేత్తో ఇస్తారు. లేదా తమ ప్రార్థనలో ఇస్తారు. చివర్లో ఒక ఇంట్లో ఆమెన్ అంటే, మిగతా ఇళ్ళ నుంచీ ఆమెన్లు వరసగా వస్తాయి. అది మాత్రం వినడానికి బాగుంటుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, ఆ ఆమెన్ల వరస విన్నప్పుడు మాత్రం తగ్గేది.

ఇక పక్కింటి సంగతి. మా గోడకు అవతల ఉండే ఆమె, మా అత్త, ఇద్దరూ ఒకే రోజుల్లో ఆసుపత్రిలో పనికి చేరారట. కాన్పుల వార్డులో కలిసి పనిచేశారు. ఒకరినొకరు వదినా అనుకునేవారు. ఆమెకు ఒక కూతురు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లను మా ఆయనకే ఇవ్వాలని ఇద్దరు తల్లులూ అనుకున్నారు. అనుకోవడమంటే ఏదో సరదాకు కాదు, మాట ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ మాట పిల్లలిద్దరికీ రుచించలేదన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మా ఆయన ప్రొద్దుటూరులో నన్ను చూసుకున్నాడు. ఆ పిల్లకు తర్వాత ఖాజీపేటలో మంచి సంబంధం వచ్చింది, సుఖంగా ఉంది, పండక్కి వస్తే నాతో చక్కగా మాట్లాడుతుంది. తల్లులకే మాటలు పోయాయి.

ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెళ్ళయిన మొదటి సాయంత్రమే గోడ మీదుగా వచ్చింది.

"ప్రేమగల తండ్రీ, మాటిచ్చి తప్పినోళ్ళను క్షమించు. వాళ్ళు తెలిసే చేసినారు. అయినా క్షమించు."

మా అత్త వంతు రాగానే, కొంగు సవరించుకుని, అంతకంటే స్పష్టంగా మొదలుపెట్టింది.

"తండ్రీ, బిడ్డలు తల్లుల మాట ఇనే కాలం పోయిందని నీకు తెల్సు. నా కొడుకును తాడేసి గుంజకు కట్టుకునేదానికి వాడు దున్నపోతు కాదు గదా నాయనా."

ఆ దున్నపోతు నా పక్కనే కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పన్నెండిళ్ళవాళ్ళూ నా గురించి వింటున్నారని ఒళ్ళు మండిపోయింది.

అలా మొదలైన ప్రార్థనలు రానురాను మెత్తబడ్డాయి. నేను వచ్చిన రెండో ఏడాదికి, వాళ్ళిద్దరూ ముఖాముఖి ఒక్క మాట మాట్లాడుకోకుండానే ఒకరి సంగతులు ఒకరికి అన్నీ తెలిసేవి. "నా మోకాళ్ళు నీ చేతిలో ఉండాయి తండ్రీ, చర్చి మెట్లు ఎక్కలేకపోతాండా" అని మా అత్త అంటే, పొద్దున లేచేసరికి రెండు గడపల మధ్య ఉన్న అరుగుబండ మీద వావిలాకు వేసి కాచిన నూనె సీసా ఉండేది. "నా కన్ను మసకేస్తాంది ప్రభువా, బియ్యంలో రాళ్ళు కనపడల్యా" అని ఆమె అన్న మర్నాడు అదే బండ మీద చేటలో ఆమె బియ్యం ఉన్నాయి. మా అత్త గబగబా లోపలికి తెచ్చుకుని, రాళ్ళూ వడ్లగింజలూ ఏరి, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చింది. తర్వాత అది అలవాటైపోయింది. ఇద్దరూ ఆ బండ దగ్గర ఎప్పుడైనా ఎదురుపడితే, ఒకరు ఆకాశం చూసేవారు, ఒకరు నేల చూసేవారు.

మాట్లాడుకోవచ్చు గదా అని ఒకసారి అన్నాను.

"ఎవరితో?" అంది మా అత్త, బియ్యంలో నుంచి తల ఎత్తకుండా.

వాళ్ళ సంగతి అలా ఉంటే, నా కాపురం సంగతి వేరుగా ఉంది. నేను మొగుడితో పోట్లాడాలన్నా కుదిరేది కాదు. బండి మీద గండికోట దారిలో కొంత దూరం పోయి, అక్కడ ఆపి, పోట్లాడుకుని తిరిగి వచ్చేవాళ్ళం. పెట్రోలు దండగని ఆయన ఫోన్లో మెసేజీలు మొదలుపెట్టాడు. ఒకే మంచం మీద వీపూ వీపూ ఆనించి కూర్చుని ఫోన్లలో పోట్లాడుకునేవాళ్ళం. నేను కష్టపడి ఇంత పొడవు తిట్టు రాసి పంపితే, ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పంపేవాడు. ఫోను విసిరికొట్టాను ఒకసారి. ఆ చప్పుడు పన్నెండిళ్ళకూ వినపడింది. మర్నాడు మా గడప ముందు ఎవరో అరటిపళ్ళు పెట్టి పోయారు.

నెల తప్పిన సంగతి కూడా మా ఆయనకు ఫోన్లోనే చెప్పాను. ఇంకా ఎవరికీ చెప్పొద్దు, కొన్నాళ్ళు మనలోనే ఉంచుకుందాం అని కూడా రాశాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. తల్లికి చెప్పేశాడు. ఆ సాయంత్రం మా అత్త ఆనందం పట్టలేక దేవుడికి వందనాలు చెప్పుకుంది. నా వేవిళ్ళ నుంచి నా నీరసం దాకా ఏదీ వదిలిపెట్టలేదు. ఆమెన్ అనగానే అటునుంచి వరసగా వచ్చిన ఆమెన్లు అంతకుముందెప్పుడూ అంత గట్టిగా వినలేదు. కొన్ని మగ గొంతులు కూడా ఉన్నాయి.

పొద్దున అరుగుబండ మీద పచ్చి మామిడికాయలు, ఉసిరికాయలు, ఒక స్టీలు డబ్బాలో వేడివేడి చింతచిగురు పప్పు. ఆ డబ్బా పక్కింటిదని నాకు తెలుసు. కోపంతో అది ముట్టుకోకుండానే, నేను పాఠాలు చెప్పే బడికి పోదామనుకున్నాను గానీ, ఆకలి ఆగలేదు. పప్పంతా తిన్నాను. ఆ రుచి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ డబ్బా కడుగుతూ ఒకటి నిశ్చయించుకున్నాను. నా బిడ్డ పుట్టే ఇంటికి గోడ ఉండాలి. పూర్తి గోడ.

అదృష్టం కొద్దీ ఆ ఏడాదే లైన్ల పైకప్పు మరమ్మతుకు వచ్చింది. దూలాలు కొన్ని చెదలు పట్టాయి, వానొస్తే ఇళ్ళల్లో గిన్నెలు పెట్టుకునే పరిస్థితి. పెంకులన్నీ దించి, కొయ్య మార్చి, మళ్ళీ కప్పిస్తామని ఆసుపత్రి కమిటీవాళ్ళు చెప్పారు. ఎలాగూ పైకప్పు విప్పుతున్నాం కాబట్టి, కావాలంటే మధ్యగోడలు కూడా పైదాకా లేపిస్తాం, కాకపోతే గోడ ఇద్దరిది గనుక ఇద్దరూ ఒప్పుకుంటేనే అన్నారు. చాలా ఇళ్ళవాళ్ళు ఆ వారంలోనే సరేనన్నారు. టీవీల గోల పెరిగిపోయింది, పరీక్షలకు చదివే పిల్లలున్నారు, కారణాలు ఎవరివి వాళ్ళకు ఉన్నాయి.

మా ఆయన్ను అడిగితే "అమ్మనడుగు" అన్నాడు. అత్తను అడిగాను.

"నాదేముందే. ఆ పక్క ఆయమ్మ సరేననల్ల గదా."

"అడుగు మరి."

"నేనెట్ల అడుగుదు? మాటలు లేవు గదా."

"ప్రార్థనలో అడగత్తా."

లైన్లలో పుట్టినవాళ్ళు ఎవరూ ఆ మాట బయటికి అనరు. మా అత్త చేస్తున్న పని ఆపి, నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"ప్రార్థన దేవునితో చేస్తారు," అంది.

అన్నది గానీ, ఆ సాయంత్రం చాలాసేపు మామూలు సంగతులన్నీ చెప్పుకుని, చివర్లో ఆగి, గొంతు సవరించుకుంది.

"తండ్రీ, మా కోడలి గొంతు పెద్దదని నీకు తెల్సు. దినామూ ఆ గొంతు ఇనేవాళ్ళకు మనసు నొస్తాదని నాకు తెల్సు. వాళ్ళ బిడ్డ ఉండాల్సిన ఇంట్లో ఇంగొకరి గొంతు ఇనల్లంటే కష్టమే గదా నాయనా. గోడ లేపితే వాళ్ళకు నిమ్మళమైతాదంటే, నేను అడ్డం రాను. అట్లనే కానీ."

 అవతల ఆమె తన ప్రార్థన మొదలుపెట్టింది.

"తండ్రీ, పసిబిడ్డ వచ్చే ఇల్లు అది. చిన్నోళ్ళకు చాటు కావల్ల. అడిగినోళ్ళకు కాదనే బుద్ధి నాకియ్యద్దు. అట్లనే కానీ."

మా ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశాడు. నేను అప్పటికే నవ్వుతున్నాను. మర్నాడు రెండిళ్ళ తరఫునా కమిటీకి సరేనని చెప్పేశాం.

అడిగింది మా అత్త అని పక్కింటామె అనుకుంది. కోరుకున్నది ఆమె అని మా అత్త అనుకుంది. నిజానికి అడిగిందీ కోరుకున్నదీ నేనొక్కదాన్నే. వాళ్ళిద్దరూ ఒకరికోసం ఒకరు తలవంచారు. ఎదురుగా నిలబడి "నీకు కావాల్నా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ గోడ లేచేది కాదు. ఆ ఒక్క మాట అడగలేకనే గదా ఇన్నాళ్ళూ దేవుణ్ణి మధ్యలో పెట్టుకున్నారు.

మేస్త్రి వచ్చి ముందుగా గోడ మీది సామాన్లన్నీ దించమన్నాడు. మా ట్రంకుపెట్టె దించాం. అవతల వాళ్ళ చేటలు వాళ్ళు దించుకున్నారు. ఒక పాత జాడీ మిగిలింది. దుమ్ము పట్టి, మూతకు గుడ్డ కట్టి ఉంది.

"ఈ జాడీ ఎవరిదమ్మా?" అని మేస్త్రి పైనుంచి అడిగాడు.

మా అత్త పలకలేదు. అవతల ఆమె కూడా పలకలేదు. మేస్త్రి ఇటు చూశాడు, అటు చూశాడు, చివరికి దాన్ని తెచ్చి అరుగుబండ మీద పెట్టాడు. ఇద్దరూ కలిసి ఊరగాయలు పెట్టుకున్న రోజుల్లోదని, సగం ఆమెది సగం మాదని మా ఆయన తర్వాత చెప్పాడు. దాన్ని ఎవరూ లోపలికి తీసుకుపోలేదు.

పెంకులు దించిన రోజున ఇల్లంతా ఎండ. అంత వెలుతురులో ఆ ఇంటిని నేనెప్పుడూ చూడలేదు. దూలాల మీద పాత బొగ్గు గీతలు, ఎవరో వడ్రంగి వేసుకున్న గుర్తులు, ఇంకా చెరిగిపోలేదు. గోడ పైకి పోయేకొద్దీ రెండు పక్కల నుంచీ సన్నబడుతూ, కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు దగ్గర మొనలాగా ముగిసింది. "కొత్త ఇటుక, పాత ఇటుక కలవవమ్మా, గీత కనపడతాది," అన్నాడు మేస్త్రి. కనపడితే కనపడనీ అన్నాను. మా అత్త ఆ పని జరిగిన రోజులన్నీ వసారాలోనే కూర్చుంది. ఒక్కసారి మాత్రం లోపలికి వచ్చి, ఇంకా మిగిలిన చిన్న సందులోంచి అటు చూసి, వెళ్ళిపోయింది.

గోడ పూర్తయి, పైకప్పు కప్పిన రోజు నాకు పండగే. తడి తువ్వాలు మంచం మీద వేసినందుకు మా ఆయన్ను గొంతు చించుకుని తిట్టాను. పెళ్ళయినప్పటి నుంచీ దాచిపెట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాను. ఆయన గోడకు చేరగిలపడి, "అరుచుకో, కడుపునిండా అరుచుకో," అని తను కూడా నవ్వుతూ అరిచాడు. బొటనవేలు బొమ్మలకంటే ఆ అరుపు నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఆ గోడ కావాలనుకోవడంలో తప్పులేదని ఇప్పటికీ అంటాను.

అయితే సాయంత్రాలు మారిపోయాయి.

మొదటి రోజు మా అత్త మామూలుగానే గొంతెత్తి ప్రార్థన చేసి, ఆమెన్ అని, కళ్ళు తెరవకుండా అలాగే కూర్చుంది. అవతలి నుంచి ఏమీ రాలేదు. వచ్చి ఉంటుంది, మాకు చేరలేదు. మేస్త్రి పూత బాగా దిట్టంగా పూశాడు. ఎవరో దూరంగా మాట్లాడుతున్నట్టు ఒక గొణుగుడు మాత్రం వినపడింది. అది ప్రార్థనో, టీవీనో తెలియలేదు.

రెండో రోజు గొంతు ఇంకొంచెం పెంచింది. ఆ తర్వాత తగ్గించేసింది. మోకాళ్ళ మాట ఎత్తడం మానేసింది. నూనె సీసా అయిపోయింది, బండ మీద ఇంకో సీసా రాలేదు. చేటలో బియ్యం కూడా రాలేదు. పొద్దున వసారా ఊడ్చేటప్పుడు మా అత్త ఆ బండ దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగేది. తింటున్నది కూడా తగ్గింది. ఏమైందత్తా అంటే ఎండలు అంది. నాకు ఆమెను చూస్తే జాలేసింది, జాలేసినందుకు కోపమూ వచ్చింది.

"పక్కనే గదత్తా ఇల్లు. నాలుగడుగులు. పోయి తలుపు కొట్టు."

"కొట్టి ఏమని చెప్పల్ల?"

"ఇన్నాళ్ళు చెప్పినవే చెప్పు."

"అవి దేవునికి చెప్పినవే," అంది. ఈసారి ఆ మాటలో బిగువు లేదు.

నేను కాన్పుకు పులివెందుల పోయే రోజులు దగ్గరపడుతున్నాయి. నేను పోతే ఈ ఇంట్లో పగలంతా ఆమె ఒక్కతే ఉంటుంది. అవతల ఆమె కూడా ఒక్కతే. మధ్యలో నేను కోరి కట్టించుకున్న గోడ. అది తలచుకుంటే నాకు ఏమీ తోచేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం, గంట కొట్టాక, మా అత్త కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. మేమూ మూసుకున్నాం. "ప్రేమగల తండ్రీ" అని ఆగింది.  నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె మొహం గోడవైపు తిరిగి ఉంది.

"ఇంగ నువ్వొక్కనివే వింటాండావు నాయనా," అంది చివరికి. "నా సంగతులన్నీ నీకు ముందే తెల్సు. ఇంగ నేను చెప్పేదేముంది."

ఆమెన్ అనలేదు. మంచం కోడు పట్టుకుని లేచింది. తలమీద కొంగు అలాగే ఉంది. మమ్మల్ని చూడకుండా గడప దాటి వసారాలోకి పోయింది. మా ఆయన వెంట పోబోతే చొక్కా పట్టుకుని ఆపాను. ఇద్దరం మా గడప లోపలే నిలబడి తొంగి చూశాం.

ఆమె పక్కింటి తలుపు ముందు నిలబడింది. తలుపు వేసి ఉంది. కొట్టలేదు, పిలవలేదు. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, గోడ లేవకముందు ఎంత గట్టిగా చేసేదో అంత గట్టిగా మొదలుపెట్టింది.

"ప్రేమగల తండ్రీ, ఈ ఇంట్లో మనిషికి కన్ను మసకేసిందని నాకు తెల్సు. బియ్యం ఎవరు ఏరిపెడతాండారో నాకు తెల్దు. రాళ్ళతోనే తింటాందేమో నాకు తెల్దు. నా మోకాళ్ళు అట్లనే ఉండాయి. కోడలు కాన్పుకు పోతాది, నాకు భయంగా ఉండాది తండ్రీ. ఈయమ్మ గోడ కావాలనుకుంటాందని నేను సరేనంటి. నాకు వద్దు. నాకెప్పుడూ వద్దు..."

వసారా పొడవునా ఒక్కొక్క తలుపే తెరుచుకుంటోంది. ఎవరూ బయటికి రాలేదు. పద్ధతి పద్ధతే.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. పక్కింటామె గడప మీద నిలబడి మా అత్తను చూసింది.

"నేనెప్పుడు కావాలంటి? నువ్వడిగినావు గదా అని నేను సరేనంటి."

నేను ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ వాళ్ళిద్దరి మధ్య నేరుగా పలికిన మొదటి మాట అది. మా అత్త కళ్ళు తెరవలేదు. 

"నేనడగలే వదినా."

"కండ్లు తెరువు మే. నేను ఈడనే ఉండా."

"తెరిస్తే నాకు మాట రాదు."

 పక్కింటామె తన కొంగు తీసి తలమీద వేసుకుంది.

"సరే అట్లయితే. నేనూ మూసుకుంటా. చెప్పు."